శెనక్కాయ విత్తనానికి పట్టించే నల్లపొడి ఎందుకు పనిచేయడం లేదు?

సంపాదకుల వారికి నమస్కారం.

తొలకరి దగ్గర పడగానే పత్రికల జిల్లా పేజీల్లో ఏటా ఒక ముక్క వస్తుంది: ‘రైతులు జీవన ఎరువులు వాడి యూరియా ఖర్చు తగ్గించుకోవాలి’ అని. ఎలా వాడాలో అందులో ఉండదు. ఆ మాట నమ్మి రైతు రైజోబియం (పప్పుజాతి మొక్కల వేళ్లలో ఉండి గాలిలోని నత్రజనిని అందించే బాక్టీరియా) ఉన్న నల్లపొడి ప్యాకెట్ ఒకటి తెస్తాడు, విత్తనానికి కలుపుతాడు, పంటలో తేడా ఏమీ కనిపించదు. మరుసటి ఏడు ఆ పొడి మొహం చూడడు. ‘బొగ్గుపొడి ప్యాకెట్లో పోసి అమ్ముతున్నారు’ అని గనిమ (చేను గట్టు) మీద కూర్చుని తిట్టుకుంటాడు. ఆ కోపంలో సగం న్యాయం ఉంది. కానీ తప్పు బాక్టీరియాది కాదు. ప్రాణమున్న సరుకును యూరియా మూటలాగా గోడౌన్లో పడేసి, యూరియా మూటలాగానే అమ్మి, చచ్చిన తర్వాత చేలో వేస్తున్నాం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వానాకాలం పైరంటే ముందు గుర్తొచ్చేది శెనక్కాయే (వేరుశనగే) కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తున్నాం. ఉత్తరం పొడవైందనిపిస్తే ఎక్కడైనా కత్తిరించండి, కొలతలు మాత్రం అలాగే ఉంచండి.

ఇది నిన్న మొన్న పుట్టిన సరుకు కాదు. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోంచి ఈ బాక్టీరియాను బేయరింక్ అనే హాలెండ్ శాస్త్రవేత్త 1888లో విడదీశాడు. 1896కల్లా జర్మనీలో ‘నైట్రాజిన్’ పేరుతో అమ్మకానికి వచ్చింది. గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసే మొదటి ఫ్యాక్టరీ నడిచింది 1913లో. అంటే యూరియా బస్తా కంటే ఈ ప్యాకెటే పెద్దది వయసులో.

శెనక్కాయకు నత్రజని ఎంత కావాలో ముందు లెక్క వేద్దాం. క్వింటాలు కాయలు వలిస్తే సుమారు 70 కిలోల పప్పు వస్తుంది. పప్పులో పావు వంతు మాంసకృత్తులే. అందులో నత్రజని వాటా లెక్కగడితే పప్పులోనే 3 కిలోల దాకా తేలుతుంది. ఆకు, కట్టె, పొట్టు కలుపుకుంటే క్వింటాలు కాయల పంటకు 5 కిలోలకు పైనే. ఎకరాకు 5 క్వింటాళ్లు పండితే 25 నుంచి 30 కిలోల నత్రజని. వర్షాధార శెనక్కాయకు సిఫారసు చేసేదేమో ఎకరాకు 8 కిలోలు, అంటే 18 కిలోల యూరియా. మిగతాది ఎక్కడి నుంచి వస్తోంది? కొంత నేలలోంచి, ఎక్కువ భాగం వేరు బుడిపెల్లోంచి. రైతు ప్యాకెట్ కొన్నా కొనకపోయినా ఈ పని చేలో జరుగుతూనే ఉంది, చేసే కూలీ కనిపించడంతే.

ఇక ప్యాకెట్లో ఏముండాలో చూద్దాం. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి జీవన ఎరువులు 2006లో వచ్చి చేరాయి. ఆ లెక్క ప్రకారం పొడి రూపంలో ఉన్న రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు 10 కోట్లు బతికున్న కణాలు ఉండాలి. 200 గ్రాముల ప్యాకెట్‌లో 1000 కోట్లు. వినడానికి చాలా పెద్ద సంఖ్య. ఎకరాకు 60 కిలోల గింజ వేస్తామనుకోండి. వంద గింజలు 40 గ్రాములు తూగితే కిలోకు 2500, మొత్తం లక్షన్నర గింజలు. 1000 కోట్లను లక్షన్నరకు పంచితే గింజకు 66 వేలు. ప్యాకెట్ కొట్లో ఎండకు మాడి వెయ్యింట ఒక వంతు మిగిలితే గింజకు 66 మాత్రమే. నేలలో అంతకు వెయ్యింతలు ఊరి బాక్టీరియా కాచుకుని ఉంటుంది. ఈ 66 దాని ముందు నిలబడేదెట్లా? శెనక్కాయలాంటి పెద్ద గింజకు లక్ష దాకా అంటితేనే మేలు. అందుకే ప్యాకెట్ కొత్తదైనా సరే ఎకరాకు ఒకటి కాదు, రెండు వాడమంటాం. పెసర, మినుము, అలసందకు ఒకటి చాలు.

ప్యాకెట్ మీద బాక్టీరియా పేరుతో పాటు పంట పేరు చూడాలి. మన జిల్లాలో ఇక్కడొక చిక్కుంది. మనం వేరుశనగను శెనక్కాయ అంటాం. ప్యాకెట్ మీద ‘శనగ’ అని ఉంటే కొట్టువాడు ఇచ్చేస్తాడు, రైతు తెచ్చేసుకుంటాడు. ఆ శనగ పచ్చిశనగ, నల్లరేగళ్లలో చలికాలం వేసే పంట. దాని వేరులో కాపురముండే బాక్టీరియా జాతే వేరు. దాన్ని శెనక్కాయకు పట్టిస్తే ఒక్క బుడిపె కూడా కట్టదు, ఎంత మంచి ప్యాకెట్ అయినా సరే. శెనక్కాయ, అలసంద, కంది, పెసర, మినుము, ఉలవ ఒక గుంపు; వీటి బాక్టీరియా చాలావరకు ఒకదాని వేరుకు మరొకటి పనికొస్తుంది. పచ్చిశనగకు, సోయాకు వేటి జాతి వాటిదే. ‘వేరుశనగ’ అని స్పష్టంగా రాసి ఉన్న ప్యాకెట్ దొరక్కపోతే అలసంద పేరుతో ఉన్నది తీసుకోండి, శనగ పేరుతో ఉన్నది వద్దు.

తర్వాత తయారీ తేదీ. పొడి ప్యాకెట్ ఆయుష్షు ఆరు నెలలు, ద్రవానిది ఏడాది, కొన్ని ఇంకా ఎక్కువ. కానీ ఈ గడువు చల్లటి చోట దాచినప్పటి మాట. మే నెలలో తిరుపతి, శ్రీకాళహస్తి వైపు బయటే 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు కింద, కిటికీ లేని గదిలో ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. రైజోబియం 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 40 దాటాక రోజురోజుకూ లక్షల్లో రాలిపోతుంది. అన్ని బాక్టీరియాలూ ఒకేలా ఉండవు. భాస్వరం కరిగించే బాసిల్లస్ రకం ఎండను చూసి సిద్ధబీజంగా ముడుచుకుంటుంది, గింజ పెంకులో దాక్కున్నట్టు. తేమ తగిలితే మళ్లీ లేస్తుంది. రైజోబియానికి ఆ వెసులుబాటు లేదు. ఒకే బీరువాలో దాచిన రెండు ప్యాకెట్లలో ఒకటి బతికి ఒకటి చావడానికి కారణం ఇదే. ప్యాకెట్ చేత్తో నొక్కి చూడండి. లోపలి పొడి కాస్త తడిగా, మెత్తగా ఉండాలి; మూడో వంతు తేమ ఉండేలాగానే తయారుచేస్తారు. ఇసుకలా గలగలలాడితే ఎండిపోయింది. పుల్లటి, కుళ్లిన వాసన వచ్చినా, ద్రవం సీసా ఉబ్బినా కొనకండి. ఇంటికి తెచ్చాక కుండ పక్కన, మట్టి గోడల చల్లటి మూలన పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే కింద కూరగాయల అరలోనే, గడ్డకట్టే పై అరలో వద్దు. పురుగుమందు డబ్బాల పక్కన అసలే వద్దు.

విత్తనానికి పట్టించడంలో జరిగే తప్పులు అన్నిటికంటే ఎక్కువ. శెనక్కాయకు కాండం కుళ్లు, వేరుకుళ్లు రాకుండా శిలీంద్రనాశిని పట్టిస్తాం: టెబుకొనజోల్ 2 డి.ఎస్. కిలో గింజకు 1 గ్రాము, లేదా మాంకోజెబ్ 3 గ్రాములు. వేరుపురుగు ఉన్న చోట ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. కిలోకు 2 మిల్లీలీటర్లు. ఇవీ బాక్టీరియా పొడీ ఒకే తొట్టిలో వేసి గిరగిర తిప్పేస్తే పని తొందరగా అయిపోతుంది, బాక్టీరియా కూడా తొందరగా అయిపోతుంది. మందులు ముందు రోజే పట్టించి నీడన ఆరబెట్టాలి. బాక్టీరియా విత్తే రోజు పొద్దున, అన్నిటికంటే చివర. రాగి ఉన్న మందులు, కాప్టాన్ అయితే ఈ వరస పాటించినా గింజ మీద బాక్టీరియాను నిలవనీయవు. ట్రైకోడెర్మా వాడేవాళ్లకు ఇంకో మాట: అది బాక్టీరియా కాదు, మేలు చేసే బూజు. శిలీంద్రనాశిని పట్టించిన గింజకే దాన్ని పట్టిస్తే డబ్బులు మట్టిలో పోసినట్టే. ఆ గింజకు రసాయనమో, ట్రైకోడెర్మానో, ఏదో ఒకటి.

బెల్లం నీళ్ల కొలత దగ్గర చాలామంది బోల్తా పడతారు. కరపత్రాల్లో ‘బెల్లం పాకంలో కలిపి విత్తనానికి పట్టించాలి’ అని అన్ని పంటలకూ ఒకే మాట ఉంటుంది. కందికీ పెసరకూ అది సరిపోతుంది, వాటి తోలు గట్టిది. శెనక్కాయ పప్పు మీది ఎర్రపొర ఉల్లిపొర లాంటిది. నీళ్లు ఎక్కువైతే నిమిషాల్లో ఉబ్బుతుంది, చేత్తో కలిపేటప్పుడు ఊడి వస్తుంది. పొర ఊడిన పప్పు మొలక దెబ్బతింటుంది, బూజు పడుతుంది. మొలక పలచబడితే ఆ నింద కూడా ప్యాకెట్ మీదే. లీటరు నీటిలో 100 గ్రాముల బెల్లం వేసి ఒక పొంగు రానిచ్చి, దించి, పూర్తిగా చల్లారబెట్టండి. గోరువెచ్చగా ఉన్నా వద్దు. పది కిలోల గింజకు ఇందులోంచి 100 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసుడు, మించకూడదు. 60 కిలోలకు 600 మిల్లీలీటర్లు. అందులో రెండు ప్యాకెట్లు వేసి దోసె పిండిలా కలుపుకోండి. బెల్లం లేకపోతే పలచటి గంజి అయినా ఫర్వాలేదు, ఉప్పు వేయనిది. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది వేసేదే బాక్టీరియాను చంపడానికి. బావి నీళ్లో బోరు నీళ్లో వాడండి.

నీడలో గోనెపట్టా పరిచి పది కిలోల చొప్పున పోయండి. పైన పిండి చిలకరించి, పట్టా రెండు కొసలు ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ దొర్లించాలి. చేత్తో పిసకొద్దు. ప్రతి గింజ మీదా పలచగా నల్లటి పూత కనిపిస్తే చాలు. అరగంట నీడన ఆరనిచ్చి, ఒకదానికొకటి అంటుకోకుండా ఉన్నప్పుడు గొర్రు దగ్గరికి తీసుకెళ్లండి. తడి గోతాం కప్పి తీసుకెళ్తే ఇంకా మంచిది. చేను చివర ఎండలో గంపతో పెట్టి భోజనానికి పోతే పట్టించిన కష్టం అంతా అక్కడే ఆవిరి. పట్టించిన విత్తనాన్ని ఆ పూటే వేసేయాలి. వాన వచ్చి ఆ రోజు కుదరకపోతే, మర్నాడు కొత్త ప్యాకెట్‌తో మళ్లీ పట్టించడం తప్ప వేరే దారి లేదు.

మందు పట్టించిన గింజకు మా సలహా వేరే ఉంది: బాక్టీరియాను గింజకు కాక సాలులో వేయండి. రెండు కిలోల రైజోబియం, అంటే పది ప్యాకెట్లు, 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలపండి. పచ్చి పేడ వద్దు. అది మాగేటప్పుడు పుట్టే వేడికి బాక్టీరియా ఉండదు, వేరుపురుగు మాత్రం వస్తుంది. పిడికిలి బిగిస్తే ముద్ద కట్టి, వేలితో తాకితే విరిగేంత తడి చేసి, చెట్టు నీడన తడి గోతాం కప్పి ఒక రాత్రి ఉంచండి. పొద్దున గొర్రు వెనక సాలులో గింజతో పాటు జారవిడవండి. అడుగు దూరం సాళ్లయితే ఎకరాలో 13 కిలోమీటర్లకు పైగా సాలు పొడవు వస్తుంది. 100 కిలోలు పంచితే మీటరుకు 7 గ్రాములు పడుతుంది, మూడు వేళ్ల చిటికెడు. 50 కిలోలతో కలిపితే చేతికి అందనంత పలచన, సగం చేను దాటేలోపే గంప ఖాళీ అవుతుంది లేదా కొసకు మిగిలిపోతుంది. ఖర్చు కాస్త ఎక్కువే. కానీ గింజ పొర ఊడదు, మందు తగలదు, బాక్టీరియా లెక్కా ఐదింతలు.

పదును లేని నేలలో వేస్తే పైన చెప్పినదంతా వృథా. వాన వస్తుందిలే అని పొడి దుక్కిలో విత్తి పదిహేను రోజులు మబ్బుకేసి చూస్తే గింజ ఓర్చుకోవచ్చు, గింజ మీది బాక్టీరియా ఓర్చుకోదు. ఎర్ర గరప నేలల పైమట్టి జూన్ మధ్యాహ్నం అరికాలు కాలేంత వేడెక్కుతుంది. రెండంగుళాల లోతున పదును ఉన్నప్పుడే విత్తండి. దుక్కిలో వేసే సూపర్ ఫాస్ఫేట్, పొటాష్‌తో జీవన ఎరువులను కలపొద్దు. సూపర్ పుల్లటి స్వభావం ఉన్నది, తడి తగిలితే బాక్టీరియాను కాల్చేస్తుంది. రసాయన ఎరువులు ఆఖరి దుక్కిలో, బాక్టీరియా విత్తేటప్పుడు సాలులో. ఎకరాకు 100 కిలోల సూపర్, 33 కిలోల పొటాష్ వేయాల్సిందే. బుడిపె పని భాస్వరం లేకుండా నడవదు. గాలిలోని ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి మొక్క 16 ఏ.టి.పి. (కణాల్లో శక్తిని మోసే పదార్థం) అణువుల శక్తిని ధారపోయాలి. ఆ శక్తి భాస్వరంతో కట్టిన మూట.

యూరియా మాటకొస్తే, విత్తేటప్పుడు 18 కిలోలు తప్పు కాదు. బుడిపెలు కట్టి పని మొదలుపెట్టడానికి మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా మొక్కకు తిండి కావాలి. తప్పల్లా నెల తర్వాత చేను కాస్త పాలిపోయిందని పక్కవాడి చేను చూసి బస్తా యూరియా చల్లడంలో ఉంది. వేరు చుట్టూ నత్రజని పుష్కలంగా దొరికితే మొక్క బుడిపెలకు చక్కెర పంపడం మానేస్తుంది. తేరగా వచ్చే అన్నం ఉండగా వంటమనిషికి జీతం ఎవరిస్తారు? ఆకు ముదురాకుపచ్చగా తిరుగుతుంది, నేలలోకి దిగి కాయలయ్యే ఊడలు తగ్గుతాయి, చూపులకే చేను.

పని జరిగిందో లేదో నెల రోజులకు రైతే స్వయంగా చూసుకోవచ్చు. ఏ ల్యాబూ అక్కర్లేదు. 30 నుంచి 35 రోజుల మధ్య, పూత సమయంలో, చేనులో అటూ ఇటూ పది చోట్ల ఒక్కో మొక్కను తవ్వండి. చేత్తో పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి, వట్టి వేరు చూసి ‘ఏం లేదు’ అనుకుంటారు. జానెడు దూరం నుంచి గడ్డపారతో గడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మట్టి దానంతట అదే జారేలా ఆడించండి. శెనక్కాయలో బాక్టీరియా వేరు నూగు గుండా రాదు. పక్కవేరు పుట్టేచోట పడే చీలికల్లోంచి లోపలికి వెళుతుంది. అందుకే బుడిపెలు తల్లివేరు నుంచి పక్కవేళ్లు చీలే మూలల్లో వరసగా, ఆవగింజ నుంచి జొన్నగింజ దాకా ఉంటాయి. లెక్క కంటే రంగు ముఖ్యం. గోటితో చీల్చితే లోపల పచ్చి మాంసం రంగులో ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టు. ఆ ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటి పదార్థానిదే. నత్రజనిని విడగొట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగలకుండా కాపాడుతుంది. లోపల తెల్లగా ఉంటే ఇంకా లేతది లేదా పనికిరాని రకం కట్టిన బుడిపె. పచ్చగా, గోధుమరంగులో ఉంటే ముసలిదైంది. కాయ ఊరే దశలో అలా మారడం మామూలే, 35 రోజులకే అలా ఉంటే వానకరువో నీటి నిల్వో దెబ్బ తీసినట్టు. పది మొక్కల్లో ఏడెనిమిదింటికి తల్లివేరు చుట్టూ ఎర్రటి బుడిపెలు ఉంటే యూరియా సంచి మూతి విప్పక్కర్లేదు.

టమోటా వేసిన చేలో శెనక్కాయ వేసేవాళ్లు ఒక తేడా గమనించాలి. నులిపురుగు వల్ల కూడా వేళ్ల మీద ముడులు వస్తాయి. బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటుంది, బొటనవేలితో రుద్దితే ఊడి చేతికొస్తుంది. నులిపురుగు ముడి వేరే లావెక్కి ఏర్పడేది, రుద్దితే రాదు, లాగితే వేరు తెగుతుంది. బుడిపెలు దండిగా ఉన్నాయని సంతోషించేలోపు ఒకసారి రుద్ది చూసుకోండి.

పసుపు రంగును కూడా చదవాలి. ముదురాకులు ముందు పాలిపోయి మొక్కంతా ఒకే తీరున లేతగా ఉంటే నత్రజని లోటు. వేళ్లు తవ్వి చూడాలి. పై లేతాకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోటు, ముఖ్యంగా సున్నం ఉన్న నేలల్లో వరస వానల తర్వాత. దానికి యూరియా చల్లి ఉపయోగం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి, అవసరమైతే వారం పది రోజులకు మరోసారి. బుడిపెలోని ఎరుపుకూ ఇనుమే ఆధారం కాబట్టి ఈ లోటు ఆకు దగ్గర ఆగదు, కిందికీ దిగుతుంది.

ప్యాకెట్ అక్కర్లేని చేలు కూడా ఉన్నాయని చెప్పకపోతే మా మాట అమ్మకందారు మాటలా ఉంటుంది. ఏళ్ల తరబడి శెనక్కాయ, అలసంద, ఉలవ తిరిగిన చేలో ఊరి బాక్టీరియా సరిపడా ఉంటుంది. అక్కడ మంచి ప్యాకెట్ వేసినా కంటికి కనిపించే తేడా రాకపోవచ్చు. నిరుడు పది మొక్కలు తవ్వి ఎర్ర బుడిపెలు చూసిన చేలో ఈ ఏడు ఆ డబ్బును జిప్సానికి మళ్లించండి. పూత నుంచి ఊడలు దిగే లోపు ఎకరాకు 200 కిలోలు. ప్యాకెట్ తప్పకుండా పనికొచ్చేది ఎన్నో ఏళ్లు చెరకో, నీళ్లు నిలిచే వరో వేసిన కయ్యల్లో, కొత్తగా మామిడి తీసేసిన నేలల్లో, చెరువు మట్టి పోసి చదును చేసిన చేలల్లో.

కొన్న సరుకు బతికుందో లేదో తేల్చుకోవడానికి పెరట్లో చేసే పరీక్ష ఒకటుంది. మే మొదట్లో మొదలుపెట్టాలి. ఏటి ఇసుకను నాలుగైదు నీళ్లు పోసి కడిగి, గంటసేపు ఉడకబెట్టి చల్లార్చి, రెండు కుండీల్లో నింపండి. రెంటిలోనూ చిటికెడు సూపర్, చిటికెడు జిప్సం, చిటికెడు కట్టె బూడిద. వీటిలో నత్రజని లేదు. మందు పట్టించని గింజలు నాలుగేసి వేయండి. ఒక కుండీలో మాత్రం గింజకు పొడి పట్టించండి. వాననీళ్లు దొరికితే వాననీళ్లు, లేకపోతే మంచినీళ్లు, ఏవైనా కాచి చల్లార్చి పోయండి, కానీ ఎప్పుడూ పొడి వేయని కుండీకే ముందు పోయాలి. చేతులు, చెంబు రెండోదానికి తగిలాక మొదటిదాని దగ్గరికి రాకూడదు. రెండు కుండీలూ ఒకదాని నీళ్లు ఒకదానిలో చిందనంత దూరంలో ఉండాలి. 30 రోజులకు ఇసుక విదిలించి చూడండి. పొడి వేసిన దానిలో ఎర్ర బుడిపెలు, వేయని దానిలో ఏమీ లేకపోతే సరుకు మంచిది. రెంటిలోనూ లేకపోతే చచ్చిన సరుకు. రెంటిలోనూ ఉంటే పరీక్షే చెడిపోయింది, ఇసుక సరిగా ఉడకలేదు. అదే తయారీ నంబరు ప్యాకెట్లు ఊళ్లో పదిమంది తెచ్చుకుంటారు కాబట్టి ఒక ఇంట్లో చేస్తే అందరికీ పనికొస్తుంది.

మిగతా పంటలకు క్లుప్తంగా. వరికి అజోస్పైరిల్లం (వేళ్ల దగ్గర ఉండి నత్రజని అందించే మరో బాక్టీరియా): నాటే ముందు 40 లీటర్ల నీటిలో కిలో పొడి కలిపి నారు వేళ్లు అరగంట ముంచాలి; టమోటా నారుకూ ఇలాగే, ఇరవై నిమిషాలు చాలు. చెరకుకు అజోస్పైరిల్లం ఎకరాకు 4 కిలోలు పశువుల ఎరువులో కలిపి ముచ్చెలు నాటే కాలువల్లో. భాస్వరం కరిగించే బాక్టీరియా 2 కిలోలు అలాగే దుక్కిలో. ఇది భాస్వరాన్ని పుట్టించదు, మట్టిలో ఇనుముతో, సున్నంతో పెనవేసుకుపోయిన పాత భాస్వరాన్ని ఆమ్లాలతో విడిపిస్తుంది. ఏళ్లుగా డి.ఎ.పి. వేసిన చేలో విడిపించడానికి ఏదో ఉంటుంది, ఏమీ వేయని గుట్ట నేలలో ఏం విడిపిస్తుంది? అజోస్పైరిల్లం మీద కూడా మరీ ఆశ వద్దు. వేరులో కాపురముండే రైజోబియంతో అది సాటి కాదు. ఎకరాకు 8, 10 కిలోల నత్రజని మిగిలితే సంతోషించాలి. దాన్ని నమ్ముకుని వరికి యూరియా సగానికి కోస్తే దిగుబడి కూడా కోసుకుపోతుంది.

జీవామృతం వాడుతున్నాం కదా, ఇదెందుకని అడిగేవాళ్లున్నారు. జీవామృతంలో పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, పిడికెడు మట్టి కలిసి రకరకాల సూక్ష్మజీవులు పెరుగుతాయి. నేలకు మంచిదే. కానీ అందులో శెనక్కాయ బుడిపె కట్టే జాతి ఎంత ఉందో, అసలు ఉందో లేదో ఎవరూ లెక్కించి పోయరు. రెండూ వాడుకోవచ్చు, ఒకటి రెండోదానికి బదులు కాదు.

ఇక అధికారుల చేతిలో ఉన్నవి. రైతు సేవా కేంద్రాలకు ఈ ప్యాకెట్లను మార్చిలోనే దించి ఎండాకాలమంతా మగ్గబెట్టకుండా, విత్తన కాయలతో పాటు తొలకరికి పదిహేను రోజుల ముందు పంపాలి. విత్తనానికి తేదీలు వేసుకుని పంపిణీ చేయగలిగినవాళ్లు దీనికీ చేయగలరు. ప్యాకెట్ మీద పంట పేరు, తయారీ తేదీ తెలుగులో, బొటనవేలంత అక్షరాల్లో ఉండాలి. ఇప్పుడు అది అతుకు పెట్టిన అంచు మీద చెరిగిపోయే సిరాతో, కళ్లద్దాలున్నా కనిపించనంత సన్నగా కొడుతున్నారు. ‘వేరుశనగ’ పక్కన ‘శెనక్కాయ’ అని కూడా వేస్తే ఈ జిల్లాలో సగం పొరపాట్లు పోతాయి.

పంపిణీకి ముందు ప్రతి తయారీ నంబరు నుంచి నమూనా తీసి కణాల లెక్క చూడడం కష్టమైన పని కాదు. కాంగో రెడ్ రంగు కలిపిన పోషక పళ్లెంలో పలచన చేసి పోస్తే రైజోబియం చుక్కలు రంగు పీల్చకుండా తెల్లగా నిలుస్తాయి, కలుషితాలు చాలావరకు ఎర్రగా తేలతాయి. శెనక్కాయ జాతి నిదానంగా పెరుగుతుంది కాబట్టి పచ్చిశనగ రకంలా మూడు నాలుగు రోజుల్లో కనిపించదు, వారం నుంచి పది రోజులు పడుతుంది. మూడో రోజు చూసి ‘ఏమీ లేదు’ అని రాసేస్తే మంచి సరుకు కూడా పోతుంది. మే 15 లోపు నమూనా తీస్తే నెలాఖరుకు ఫలితం చేతిలో ఉంటుంది. ఆ లెక్కను గ్రాముకు ఇన్ని కోట్లు అని తయారీ నంబరుతో సహా కేంద్రం గోడ మీద అంటించమని, మీ జిల్లా పేజీలోనూ వేయమని కోరుతున్నాం.

ఇట్లు,
నేల, విత్తన పరీక్షల పనిలో ఉన్న కొందరం,
తిరుపతి.